అప్పలస్వామి నడక

కొల్లి అప్పలస్వామి చనిపోయి మూడేళ్లయింది. ఆయన నడక మాత్రం ఇంకా పదకొండు వందల అరవై రెండు మంది కాళ్లలో బతికే ఉంది.

ఆ సంగతి తెలిసినవాళ్లు విశాఖపట్నంలో ఇద్దరే. ఒకరు ఆయన కూతురు సత్యవేణి, రెండోవారు ఆమె పైఅధికారి డాక్టర్ పరాంకుశం. సముద్రానికి ఎదురుగా కొండ వాలులో ఉన్న చలన పరిశోధన కేంద్రంలో ఇద్దరూ పదహారేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. పక్షవాతం వచ్చినవాళ్లనీ, వెన్ను దెబ్బతిన్నవాళ్లనీ, ఏళ్ల తరబడి మంచాన పడి నడక మరిచినవాళ్లనీ అక్కడికి మోసుకొస్తారు. తుంటి చుట్టూ, మోకాలి చుట్టూ ఉన్న కండరాల్లో వెంట్రుక కన్నా సన్నటి తీగలు పరిచి, నడుము దగ్గర చర్మం కింద గోరంత పలక ఒకటి అమరుస్తారు. ఏ కండరం ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు వదలాలో ఆ పలక చెబుతుంది. ఆరు వారాలకు మనిషి లేచి నడుస్తాడు. ఆ నడక తనది కాదు, పలకలోది. కానీ మంచం దిగితే చాలుననుకునేవాళ్లు ఆ తేడా పట్టించుకోరు.

మంగళవారం తనిఖీ రోజు. సత్యవేణి తన గది తలుపు జానెడు తెరిచి ఉంచి, ముందు ఫైలు పెట్టుకుని కూర్చునేది. బయట పొడుగాటి వసారా. రోగులు ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి రావాలి. కుడి మడమ మెత్తగా ఆనేది. చిన్న విరామం. ఆ తరువాత ఎడమ పాదం కాస్త బరువుగా దిగేది. వచ్చేది ఆడమనిషి కావచ్చు, పాతికేళ్లవాడు కావచ్చు, చప్పుడు మాత్రం ఒకటే. సత్యవేణి పెన్ను కింద పెట్టేసేది. ఆ మనిషి తలుపు దగ్గరికి వచ్చి "రావచ్చా మేడమ్?" అని అడిగేదాకా, ఆ పది పన్నెండు క్షణాలు, వసారాలో నాన్న నడిచి వస్తుండేవాడు.

దూరాలవాళ్లు రెండేళ్లకొకసారే వచ్చేవారు. ఊరివాళ్లకు, చుట్టుపక్కలవాళ్లకు ఆరు నెలలకొకసారి చాలునన్న తనిఖీని ఆమె రెండు నెలలకు తగ్గించింది. కారణం ఏదో రాసింది. ఎవరూ అడగలేదు.

ఆమెకు నలభై ఆరేళ్లు. తల్లి చిన్నప్పుడే పోయింది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా చదువో, ఉద్యోగమో, నాన్నో అడ్డొచ్చేవి. ఆదివారాలు ఇంట్లో నోరు విప్పాల్సిన పనే ఉండేది కాదు. సోమవారం పొద్దున ఆటో ఎక్కి చోటు చెప్పబోతే గొంతు పెగిలేది కాదు. శనివారం సాయంత్రం తరువాత అదే మొదటి మాట.

*

తొమ్మిదేళ్ల కిందట ఆ కేంద్రంలో పని దాదాపు ఆగిపోయింది. తీగలు బాగానే పనిచేశాయి. పలకలో పెట్టడానికి నడక దొరకలేదు. లెక్కలు కట్టి కంప్యూటర్ మీద తయారుచేసిన నడకలు చూడ్డానికి ముచ్చటగానే ఉండేవి. మనిషి కాలిలోకి ఎక్కించగానే, వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టు మనిషి తూలేవాడు. ఒకాయన నాలుగడుగులేసి వాంతి చేసుకున్నాడు. ఇంకొకామె గోడ పట్టుకుని, "నా కాళ్లు నాకొద్దు, తీసెయ్యండి" అని ఏడ్చింది.

"బతికిన మనిషి నడక కావాలమ్మా సత్యవేణీ," అన్నాడు పరాంకుశం. "జీవితమంతా నడిచి, ఒక్కరోజు కూడా మోకాలు నొప్పి అనని మనిషిది."

డెబ్బై మందిని నడిపించి చూశారు. క్రీడాకారులు, సైనికులు, నాట్యం నేర్చినవాళ్లు. ఎవరి నడకా ఇంకొకరి కాలిలో నిలబడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అప్పలస్వామి కూతురికి క్యారేజీ పట్టుకొచ్చాడు. ఆయన రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. అరకు ఘాట్ లైను మీద ముప్పై నాలుగేళ్లు రోజూ పొద్దున్నే భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంట నడిచి, పట్టాలను పట్టి ఉంచే ఇనప కీలు వదులైతే బిగించుకుంటూ వెళ్లి, మధ్యాహ్నం ప్యాసింజరులో తిరిగొచ్చేవాడు. ఆ రోజు ప్రయోగశాలలో నేల మీద పరిచిన, అడుగు బరువు కొలిచే పలకల సంగతి ఆయనకు తెలియదు. వాటి మీదుగానే నడిచొచ్చి క్యారేజీ బల్ల మీద పెట్టాడు. తెర ముందు కూర్చున్న పరాంకుశం ఉలిక్కిపడి లేచాడు.

"ఎవరది? ఇప్పుడు నడిచిందెవరు?"

"తప్పయిపోయిందండీ, నాను సూడనేదు," అన్నాడు అప్పలస్వామి, చెప్పులు చేతిలోకి తీసుకుంటూ.

పదకొండు రోజులపాటు ఆయన్ని నడిపించారు. ఒంటికి తీగలంటించి మెట్లు ఎక్కించారు, ఇసుకలో తిప్పారు, గులకరాళ్ల మీద నడిపించారు. "పట్టాల ఎంట తిరిగినోడిని. నా నడకలో ఏటుంటాది తల్లీ?" అని ఆయన నవ్వేవాడు.

సత్యవేణి ప్లాస్టిక్ అస్థిపంజరం దగ్గర నిలబెట్టి చూపించింది. "తుంటి గిన్నెలో బంతి లాంటిది నాన్నా, ఎటైనా తిరుగుతుంది. మోకాలితోనే తంటా. అది తలుపు బందులా ఉత్తినే మడతపడేది కాదు. కాలు పూర్తిగా చాపి నిలబడినప్పుడు తొడ ఎముక ఇంత లోపలికి తిరిగి బిగుసుకుంటుంది, తాళం పడ్డట్టు. మళ్లీ అడుగు వెయ్యాలంటే వెనకున్న ఈ చిన్న కండరం ముందు తాళం తియ్యాలి. మా లెక్కల నడకల్లో ఆ తాళం రెప్పపాటు ఆలస్యంగా తెరుచుకుంటోంది. అందుకే అందరూ తూలుతున్నారు. నీకు సరిగ్గా సమయానికి తెరుచుకుంటుంది."

అప్పలస్వామి వంగి తన మోకాలు తడిమి చూసుకున్నాడు. "అంటే అడుగడుక్కీ తాళమేసి తీత్తన్నానన్నమాట! ఇన్నేళ్లూ ఎవుళూ సెప్పనేదు."

ఆ నడక మొదటి రోగి కాలిలో మొదటి రోజే నిలబడింది.

ఒక్క విషయం మాత్రం మిగిలింది. అడుగడుక్కీ అప్పలస్వామి నడుము ఎడమవైపు మూడు డిగ్రీలు వాలేది. కుడికాలి మీద నిలబడినప్పుడు బరువు కుడి తుంటి గిన్నె అంచు మీద పడేది. నియమం ప్రకారం దాన్ని సరిచెయ్యాలి. సత్యవేణి సరిచేసి చూసింది. తెర మీది బొమ్మ రెండువైపులా సమంగా, నిటారుగా నడిచింది. కానీ ఆ నడిచేది నాన్న కాదు, ఎవరో. రోగి కూడా కొంచెం తడబడ్డాడు. మూడు డిగ్రీలు చాలామందికి ఉండేదే. ఆమె దాన్ని మళ్లీ మొదటిలాగే పెట్టేసి, పరీక్ష పత్రంలో ఆ గడిలో "సహజం" అని రాసి సంతకం చేసింది. కింద పరాంకుశం సంతకం చేశాడు.

*

అప్పలస్వామికి జ్వరం వచ్చిన నాలుగో రోజు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. అంతకు ముందు రోజు కూడా తన గ్లాసు తనే కడుక్కుంటానని కొళాయి దాకా నడిచాడు. దినకార్యాలయ్యాక సత్యవేణి పనిలోకి వెళ్లిన మొదటి మంగళవారం, వసారాలోంచి ఆ చప్పుడు వినిపించింది. ఆమె కుర్చీ తోసుకుని బయటికి పరుగెత్తింది. నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్న ముసలావిడ ఒకామె, కొడుకు చెయ్యి వదిలేసి, గర్వంగా నడిచి వస్తోంది. సత్యవేణి ఆమెకు నమస్కారం పెట్టి, గదిలోకి వచ్చి, తలుపు గడియపెట్టుకుంది.

ఆ వారమే ఎవరూ లేనప్పుడు బరువు పలకల మీద తనే నడిచి చూసుకుంది. తండ్రి నడకతో పోల్చమని కంప్యూటర్‌ను అడిగింది. పోలిక లేదు. ఆమె నడక తల్లి పోలిక కావచ్చు. తల్లి ఎలా నడిచేదో ఆమెకు గుర్తు లేదు.

*

నూకరత్నం మంగళవారం దాకా ఆగకుండా ఒక గురువారం వచ్చింది. భీమిలిలో చేపలమ్మే మనిషి. మెట్ల మీదనుంచి పడి ఏడేళ్లు మంచంలో ఉంది. ఈ నడక పెట్టించుకుని ఆరేళ్లయింది. ఎప్పుడూ వసారాలో చప్పుడు చేసుకుంటూ వచ్చే మనిషి ఆ రోజు చేతికర్ర పట్టుకొచ్చింది.

"కుడి గజ్జల్లో పోటమ్మా. గంప ఎత్తుకుంతే మరీని. కూకుంతే నేదు, నడిత్తేనే."

స్కాన్ తీశారు. కుడి తుంటి గిన్నె పైఅంచున మెత్తటి పొర అరిగిపోయి ఎముక కనిపిస్తోంది. సత్యవేణి ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది.

"ఏటయిందమ్మా? నీ మొకం అలగైపోయిందేటి?"

"మందులిస్తాను. బరువులెత్తకు. మళ్లీ కబురు చేస్తాను."

నూకరత్నం వెళ్లాక ఆమె అయిదేళ్లు దాటినవాళ్ల స్కాన్లన్నీ బయటికి తీసింది. రెండు వందల పన్నెండు మంది. వాళ్లలో నూట ఎనభై ఒక్కరికి అదే కుడి తుంటి, అదే అంచు, గోటితో గీరినట్టు పలచబడి ఉంది. చాలామందికి ఇంకా నొప్పి తెలియలేదు. తెలిసే రోజు దూరంలో లేదు.

ఆఖరున తండ్రి పాత స్కాన్ తీసింది. సరిగ్గా ఆ అంచు దగ్గర అప్పలస్వామి ఎముక మిగతావాళ్ల కన్నా రెండింతలు మందంగా ఉంది. అప్పుడామెకు బోధపడింది. ఘాట్ లైనులో పట్టాలకు ఎడమపక్క లోయ. రాళ్లు అటే వాలి ఉంటాయి. కుడి భుజాన సుత్తి. ముప్పై నాలుగేళ్లు రోజూ ఒకే దిక్కుగా నడిచిన ఆ మనిషి నడుము వాలిపోయింది. వాలిన చోట ఎముక తనంతట తానే దిట్టంగా పెరిగి ఆ బరువును కాసుకుంది. నడకా ఎముకా కలిసి తయారయ్యాయి. తాము నడకను ఒక్కదాన్నే తీసి పంచిపెట్టారు. కాసుకునే ఎముక ఆయనతోపాటే కాలిపోయింది.

*

పరాంకుశం స్కాన్లన్నీ ఒక్కొక్కటే చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మోకాలి తాళం కిటుకు తెలిశాక, వేరే పనికోసం తొమ్మిది మంది నడకలు ఏరి తీసి పెట్టాం కదా. అవి నిటారుగా ఉన్నాయి. ఒక్కొక్కరి ఒంటికి తగ్గది ఎక్కించవచ్చు. పాతది తుడిచేస్తేనే కొత్తది నిలుస్తుంది."

"ఎప్పుడు మొదలుపెడదాం సార్?"

"తొందరపడితే అందరూ హడలిపోతారు. కేంద్రమే మూతపడవచ్చు. మామూలుగా తనిఖీకి వచ్చినవాళ్లకి వచ్చినట్టు, గోల లేకుండా మార్చుకుంటూ పోదాం. రెండేళ్లలో అయిపోతుంది."

రెండేళ్లు. అంటే ఇంకా వంద మంగళవారాలు. సత్యవేణి తల ఊపింది. తన గదికి వచ్చి కూర్చున్నాక, తాను తలూపింది ఎవరికోసమో తనకు తెలిసింది. ఆ పై మంగళవారం పద్నాలుగు మంది వచ్చారు. ఒక్కరికీ ఏమీ చెప్పలేదు. తలుపు జానెడు తెరిచి ఉంచి విన్నది. తరువాతి మంగళవారమూ అంతే. మూడోసారి వింటున్నప్పుడు పెన్ను జారి కింద పడింది.

మూడు వారాలైనా కబురు రాలేదని నూకరత్నమే మళ్లీ వచ్చింది. మందులు పనిచేయడం లేదు. వసారాలో బెంచీ మీద కూర్చుని, కర్ర ఒడిలో పెట్టుకుంది.

"సీరకట్టులో మొగోడి నడక ఏటే అని మా పేటోళ్లు నవ్వీవోరు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. మంచంలో పడున్నదాన్ని లేపింది. ఎవుళి నడకైతే నాకేటి?" ఆమె కుడి తొడ నిమురుకుంది. "ఇంతకీ ఎవుళిదమ్మా ఇది?"

ఇన్నేళ్లలో ఏ రోగీ ఆ ప్రశ్న అడగలేదు.

"మా నాన్నది," అంది సత్యవేణి.

"ఉన్నారేటి?"

"లేరు. మూడేళ్లయింది."

నూకరత్నం ఆమె ముఖంలోకి చూసింది. గది తలుపు వైపు చూసింది. మంగళవారాలు అది ఎందుకు ఓరగా తెరిచి ఉంటుందో అప్పుడు తట్టిందేమో. కర్ర బెంచీకి ఆనించి మెల్లగా లేచింది.

"అయితే సూడు."

"వద్దు, కూర్చో."

"ఉండమ్మా. సూడు మరి."

ఆమె వసారా చివరిదాకా నడిచింది. కుడి మడమ, విరామం, ఎడమ పాదం. తిరిగి వచ్చేటప్పుడు మూడో అడుగుకే చప్పుడు చెడింది. కుడికాలు నేలను తాకీ తాకకముందే లేచిపోతోంది. పంటి బిగువున పెదవి నొక్కుకుని, చెమటతో, ఆమె నడుస్తూనే ఉంది. ఆ నడకతో పట్టాల మీద వానలోనూ ఎండలోనూ ముప్పై నాలుగేళ్లు తిరిగిన మనిషి ఒక్కరోజు కూడా కుంటలేదు. ఇప్పుడా నడక కుంటుతోంది.

సత్యవేణి పరుగెత్తి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది.

"చాలు. చాలు, ఇంక నడవకు. నన్ను క్షమించు. ఇది నాకు మూడు వారాల కిందటే తెలుసు."

బెంచీ మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది. మూడు డిగ్రీల సంగతి, "సహజం" అని రాసిన సంగతి, రెండేళ్ల సంగతి కూడా. నూకరత్నం తిట్టలేదు, ఓదార్చలేదు. "నాలాగ ఎంతమందున్నారు?" అని అడిగింది. చెప్పింది విని, "మరింకా కూకున్నావేటి?" అంది.

ఆ మధ్యాహ్నమే సత్యవేణి మొదటి ఫోను చేసింది. సాయంత్రానికి నలభై మందికి చేసింది. తరువాత రోగులందరికీ, కేంద్రం పెద్దలకూ పంపడానికి ఉత్తరం రాసింది. "ఆ వాలును నేను చూశాను. సరిచెయ్యగలిగి కూడా వదిలేశాను. అది మా నాన్న నడక కావడం వల్ల వదిలేశాను."

పరాంకుశం ఉత్తరం రెండుసార్లు చదివాడు. కోపంతో చింపేస్తాడనుకుంది. ఆయన పెన్ను తీసి ఒక వాక్యం చేర్చాడు. "కింద సంతకం నాది కూడా ఉంది కదమ్మా," అన్నాడు.

*

నాలుగు నెలలు పట్టింది. ఒక్కొక్కరికి తొమ్మిది నిమిషాల పని. రోగి బల్ల మీద వెల్లకిలా పడుకుంటాడు. నడుము దగ్గర పలకకు పరికరం ఆనిస్తే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. లేచి నిలబడ్డాక మొదటి అడుగు తడబడుతుంది, రెండు వారాలకు కుదురుకుంటుంది. నూకరత్నానికే మొదట మార్చారు. కొందరు కేకలు వేశారు. ఒకాయన ఫైలు విసిరికొట్టాడు. కొందరు ఏమీ అనకుండా ఏడ్చారు. వాళ్ల కోపం న్యాయమైనదే కాబట్టి సత్యవేణి తల వంచుకుని విన్నది. ప్రతి ఒక్కరికీ తన చేత్తోనే మార్చింది. ఇంకొకరికి అప్పగించలేదు.

మంగళవారాలు వసారాలో రకరకాల చప్పుళ్లు మొదలయ్యాయి. చురుకైనవి, నెమ్మదైనవి, ఈడ్చేవి. పాతది వారవారానికి తగ్గిపోయింది. ఒక మంగళవారం ఒక్కటి కూడా వినిపించలేదు.

ఆఖరి మనిషి బొబ్బిలిలో ఉన్న రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. రాలేనంటే ఆమే పరికరం పట్టుకుని వెళ్లింది. ఆయన మంచం మీద పడుకుని, చొక్కా పైకి లాగబోయి ఆగాడు.

"నన్నింతకాలం నడిపించినాయన ఎలాంటివారమ్మా?"

సత్యవేణి పరికరం ఒడిలో పెట్టుకుంది. తండ్రి గురించి ఎవరైనా అలా అడిగి ఎన్నేళ్లయిందో. "నెమ్మదిగా తినేవాడు," అంది. "అన్నం తింటూ మాట్లాడితే ఊరుకునేవాడు కాదు. రైలు దూరంగా ఉన్నప్పుడే పట్టా మీద చెయ్యి ఆనించి ఏ బండో చెప్పేవాడు. నేను ఫస్టు క్లాసులో పాసైనప్పుడు నాకేమీ అనలేదు గానీ, స్టేషనంతా తిరిగి అందరికీ చెప్పొచ్చాడట." అలా ఎంతసేపు చెప్పిందో ఆమెకే తెలియలేదు. మాస్టారి భార్య తెచ్చి పెట్టిన కాఫీ చల్లారిపోయింది.

"మంచిదమ్మా. ఇంక కానివ్వు," అన్నాడాయన.

తొమ్మిది నిమిషాల తరువాత మాస్టారు లేచి, గోడ పట్టుకుని, ఎవరిదో కొత్త అడుగు వేశాడు. సత్యవేణి కాగితంలో టైము రాసి సంతకం చేసింది. పదకొండు గంటల ఇరవై నిమిషాలు. బస్సులో తిరిగి వస్తూ కిటికీ పక్కన కూర్చుని, విజయనగరం దాటేదాకా ఏడ్చింది.

*

ఆ ఉత్తరం మీద కేంద్రం వేసిన విచారణ సంఘం ఆమెను రోగుల పనినుంచి తప్పించింది. పాత రికార్డులు చూసే గది ఇచ్చారు. అక్కడ వసారా లేదు, కిటికీ కూడా లేదు. ఆమె ఆ శిక్షకు అభ్యంతరం చెప్పలేదు.

నూకరత్నం మూడుసార్లు ఫోను చేసి పిలిచాక, ఒక ఆదివారం పొద్దున ఆమె భీమిలి వెళ్లింది. పడవలు ఒడ్డుకు వచ్చే వేళ. ఆడవాళ్లు గంపలతో ఇసుకలో అటూ ఇటూ తిరుగుతున్నారు. సత్యవేణి ఒడ్డుకు లాగిన ఒక పడవ అంచున కూర్చుని సముద్రం వైపు చూస్తోంది. వెనకనుంచి తడి ఇసుకలో అడుగులు దగ్గరపడ్డాయి. తేలికపాటి పొట్టి అడుగులు. ఎవరో పనిమీద పోతున్నారనుకుని తిరిగి చూడలేదు.

"ఏటమ్మా, అంత కేకేసినా పలకవేటి?"

తిరిగి చూస్తే నెత్తిన గంపతో నూకరత్నం. చేతిలో కర్ర లేదు.

"నువ్వని తెలీలేదు."

"ఎలగ తెలుస్తాది? నాకే తెలీదు ఒక్కోపాలి." నూకరత్నం గంప దించి, కప్పిన ఆకు కింద చేతులు పెట్టి, రెండు పెద్ద చేపలు తీసి పక్కన పెట్టింది. "నీకే. వద్దన్నావంటే ఊరుకోను. పొద్దెక్కిపోతంది, ఎండకి మిగతాయి పాడైపోతాయి. నాను బజారుకి ఎల్లొత్తాను. కూకో, ఎల్లిపోకు. ఇద్దరం అన్నం తిందాం."

"కూర్చుంటాను."

నూకరత్నం వంగి గంప ఎత్తుకుంది. నడుము నిటారుగా నిలిచింది. బరువు రెండు కాళ్ల మీదా సమంగా పడింది. ఇసుకలో ఒక్కసారి కూడా కాలు లాగకుండా, నొప్పి జాడ లేకుండా, ఆమె రోడ్డు వైపు నడిచింది. అక్కడ గంపలెత్తుకున్న ఆడవాళ్లు ఇరవై ముప్పై మంది వరసగా పోతున్నారు. ఆమె వాళ్లలో కలిసింది. సత్యవేణి లేచి నిలబడి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. అన్ని నడకల్లో ఆమె నడక ఏదో పోల్చుకోవాలని చూసింది. పోల్చుకోలేకపోయింది.